జంకు నుంచి మొక్కు దాకా: కర్నూలు, కడప సీమల్లో పురుషుల స్త్రీవేషధారణ – ఒక పరిశీలన

ప్రవేశిక

కర్నూలు జిల్లా ఆదోని మండలంలోని సంతెకుడ్లూరులో ఏటా హోలీ పండుగకు మగవాళ్లు చీరలు కట్టుకొని, నగలు పెట్టుకొని, తలలో పూలు తురుముకొని రతీమన్మథుల గుడికి వెళ్లి మొక్కు చెల్లిస్తారు. పత్రికలు, టీవీ వార్తలు దీన్ని ‘వింత ఆచారం’ అనే శీర్షికతో ఏటా చూపిస్తున్నాయి. వింత అన్న మాటతో ఆ వార్త అక్కడికి ముగుస్తుంది. ఆ గుంపులో మొదటిసారి చీర కట్టుకొన్న యువకుడు ఎవరికి భయపడ్డాడు, ఆ భయం ఎలా తీరింది అన్న ప్రశ్న ఎక్కడా వినిపించదు.

స్త్రీవేషధారణపై మన సాహిత్య, నాటక చరిత్రల్లో జరిగిన చర్చ ఎక్కువగా సిద్ధహస్తులైన నటుల గురించే. వారి హావభావాలు, ఆహార్యం, బిరుదులు, సన్మానాలు నమోదయ్యాయి. తొలిసారి వేషం కట్టినవాడి జంకు చరిత్రకు ఆధారంగా ఎవరికీ కనిపించలేదు. నిజానికి జంకు ఒక మంచి ఆధారం. మనిషి దేనికి జంకుతాడో పరిశీలిస్తే అతని చుట్టూ ఉన్న సమాజం దేన్ని శిక్షిస్తుందో తెలుస్తుంది. ఆ జంకును ఏది పోగొడుతుందో పరిశీలిస్తే ఆ సమాజం దేన్ని గౌరవిస్తుందో తెలుస్తుంది.

ఈ దృష్టితో కర్నూలు, కడప సీమల చరిత్రలోని మూడు సందర్భాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మాచుపల్లి కైఫీయతులోని ఆడవేషం మొదటిది. బళ్లారి, సురభి రంగస్థలాలది రెండవది. సంతెకుడ్లూరు మొక్కు మూడవది. ఈ మూడింటిలోని భయాలను వరుసగా రాజభయం, రసభంగభయం, లోకభయం అని పిలవవచ్చు.

‘వేషం’ – మాట, వాడుక

తెలుగులో వేషం అన్న మాటకు రెండు వాడుకలు ఉన్నాయి. ‘వేషాలు వేయకు’ అన్నప్పుడు అది నటన, బుకాయింపు, మోసం. ‘వేషం కట్టాడు’ అన్నప్పుడు అది ఒక పని, ఒక పూనిక. చీర కట్టడం, గజ్జె కట్టడం, వేషం కట్టడం అన్న మూడింటిలోనూ ఉన్నది ఒకే క్రియ. ముడుపు కట్టడంలోనూ ఆ క్రియే ఉంది. కట్టినది విప్పేదాకా మనిషి దానికి కట్టుబడి ఉంటాడన్న భావం ఈ వాడుకల వెనుక ఉంది. పురుషుడు స్త్రీవేషం ధరించినప్పుడు జనం అతన్ని ‘వేషాలు వేసేవాడు’గా చూస్తారా, ‘వేషం కట్టినవాడు’గా చూస్తారా అన్నదానిపైనే అతనికి దక్కే మర్యాద ఆధారపడి ఉంటుంది.

శాస్త్రంలోనూ దీనికి చోటుంది. పాత్రకూ నటునికీ ఉండే సంబంధాన్ని భరతుడు అనురూప, విరూప, రూపానుసారిణి అని మూడు విధాలుగా చెప్పాడు. పురుషుడు స్త్రీపాత్రను ధరించడం మూడవదాని కిందికి వస్తుంది. అయితే శాస్త్రం అనుమతించినంత మాత్రాన ఊరు అనుమతించినట్లు కాదు. మీసాన్ని పౌరుషచిహ్నంగా భావించే సీమలో ఆ మీసం తీసి చీర కట్టడానికి శాస్త్రప్రమాణం ఒక్కటే చాలదు. ఊరి ప్రమాణం కూడా కావాలి.

మాచుపల్లి కైఫీయతు: రాజభయం

కడప జిల్లాలో స్త్రీవేషధారణకు సంబంధించి బాగా ప్రసిద్ధమైన పాత ప్రస్తావన సిద్ధవటం సీమకు చెందిన మాచుపల్లి కైఫీయతులో ఉంది. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సంబెట గురవరాజు ప్రజల నుంచి సొమ్ము రాబట్టడానికి స్త్రీల స్తనాలకు చిరుతలు పట్టించి హింసించేవాడని కైఫీయతు చెబుతుంది. ఆ దారిన వచ్చిన కూచిపూడివారు ఈ దారుణాన్ని తెలుసుకొని విజయనగరం చేరి వీర నరసింహరాయల ఎదుట కేళిక పట్టారు. అందులో ఒకరు గురవరాజు వేషం, ఇద్దరు బంట్రోతుల వేషం, ఒకరు స్త్రీవేషం కట్టి, సిద్ధవటంలో జరుగుతున్నదాన్ని ఆడి చూపించారు. రాయలు విచారించి విషయం గ్రహించి సైన్యాన్ని పంపడంతో గురవరాజు కథ ముగిసింది.

కూచిపూడి చరిత్రకారులు ఈ కైఫీయతును ఆ కళ ప్రాచీనతకు ఆధారంగా తరచు ఉదాహరిస్తారు. ఆ ప్రయోజనానికి దీన్ని వాడుకొనేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. వీర నరసింహరాయల పాలన 1505–1509 నాటిది. కైఫీయతులు 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ కోసం అతని సహాయకులు గ్రామకరణాల వద్ద సేకరించినవి. ఈ రెండింటికీ మధ్య 300 ఏళ్ల దూరం ఉంది. కాబట్టి ఆ ప్రదర్శన అక్షరాలా అలాగే జరిగిందని చెప్పడం కంటే, 300 ఏళ్ల తర్వాత కూడా సిద్ధవటం సీమ ఆ సంఘటనను అలా జ్ఞాపకం పెట్టుకొందని చెప్పడం సమంజసం.

ఈ వ్యాసానికి ఆ జ్ఞాపకమే ముఖ్యం. హింసకు గురైన స్త్రీలు సిద్ధవటం నుంచి రాయల కొలువుకు వెళ్లి చెప్పుకొన్నట్లు కథలో లేదు. వారి తరఫున ఒక పురుషుడు వారి చీర కట్టి, వారి బాధను తన శరీరంపై చూపించాడు. కైఫీయతు అతని పేరు చెప్పదు. అతడు ఆ పనికి కొత్తవాడో పాతవాడో కూడా చెప్పదు. అయితే అతని ముందున్న ప్రమాదం కథలోనే ఉంది. ఒక పాలకుడి దౌష్ట్యాన్ని అతని పై ప్రభువు ఎదుట వినోదం పేరుతో ప్రదర్శించడం సాహసం. రాయలకు ఆగ్రహం వస్తే కొలువులోనే శిక్ష తప్పదు. విషయం పొక్కితే తిరుగుదారిలో గురవరాజు బంట్లు ఉంటారు. ఇది నవ్వులపాలు అవుతానన్న భయం కాదు, ప్రాణభయం. ఆ భయాన్ని దాటించినది సాక్ష్యం చెప్పాలన్న పూనిక. ఇక్కడ స్త్రీవేషం ఒక ఫిర్యాదు పత్రం చేసే పనిని చేసింది.

ఇందులో ఒక లోపం కూడా కనిపిస్తుంది. స్త్రీల బాధ రాజుకు వినిపించడానికి పురుషుని గొంతు అవసరమైంది. వేషధారి ధైర్యాన్ని మెచ్చుకొనేటప్పుడు, అసలు బాధితురాలికి కొలువు ప్రవేశం లేదన్న సంగతిని మరచిపోరాదు. స్త్రీవేషధారణ చరిత్రంతటా ఈ వెలితి వెన్నంటి వస్తుంది.

బళ్లారి, సురభి: రసభంగభయం

19వ శతాబ్దపు చివరి దశకాల్లో దత్తమండలాల్లో ఆధునిక రంగస్థలం రెండు చోట్ల రెండు రకాలుగా రూపొందింది. మొదటిది బళ్లారి. ‘ఆంధ్ర నాటక పితామహుడు’గా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ ద్వారానూ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ ద్వారానూ అక్కడ నాటకాలు ఆడించారు. బళ్లారి నేడు కర్ణాటకలో ఉన్నందున దీన్ని ఇక్కడ చర్చించడం కొందరికి అసంగతంగా తోచవచ్చు. కానీ 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోని భాగమే. సంతెకుడ్లూరువారికి జిల్లా కేంద్రం ఆనాడు బళ్లారి.

బళ్లారి సభల్లో సభ్యులు విద్యావంతులు, ఉద్యోగులు, న్యాయవాదులు. అక్కడ స్త్రీపాత్రలు పురుషులే ధరించేవారు. ఈ సందర్భంలో కొత్తవాడి భయం వేరు. పగలు కోర్టులోనో కచేరీలోనో కనిపించే మనిషి రాత్రి దమయంతిగానో చిత్రాంగిగానో రంగం మీదికి రావాలి. ప్రేక్షకుడు ఒక్క క్షణమైనా అతన్ని ‘ఫలానా వారి అబ్బాయి’గా గుర్తిస్తే కరుణరసం కాస్తా హాస్యంలోకి జారుతుంది. గొంతు, నడక, చేతివాటం, పమిట సర్దుకొనే తీరు – వీటిలో ఏ ఒక్కటి తప్పినా పాత్ర చెదురుతుంది. దీన్నే రసభంగభయం అన్నాను. దీనికి మందు సాధన. పాత్ర ధరించినంతసేపూ నటుడు కనబడకుండా పోవడమే అతని విజయం.

సర్కారు సీమలోని ఒక ఉదాహరణ దీన్ని స్పష్టం చేస్తుంది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు 1920లో హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి పాత్రతో స్త్రీవేషంలోకి వచ్చారు. ఆ పాత్ర వేయవలసిన నటుడు అందుబాటులో లేకపోవడం వల్ల ఆ అవకాశం అనుకోకుండా లభించింది. తర్వాత సత్యభామ, చిత్రాంగి, చింతామణి, మధురవాణి వంటి పాత్రలతో తెలుగు రంగస్థలంపై స్త్రీవేషానికి ఆయన పేరు పర్యాయపదమైంది. 1956లో పద్మశ్రీ లభించింది. తన పాత్రధారణ గురించి ఆయన రాసిన ‘నటస్థానం’, వేషం వెనుక ఎంత పరిశీలన, ఎంత అభ్యాసం ఉండాలో చెబుతుంది. తొలిరాత్రి అనుకోకుండా వచ్చినా, నిలబెట్టినది సాధనే.

రెండవ రంగస్థలం కడప జిల్లాలోది. తోలుబొమ్మలాట వృత్తిగా ఉన్న మరాఠీ మూలాల కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు ప్రభృతులు 1885లో సురభి గ్రామంలో కీచకవధ నాటకం ఆడారు. సురభి నాటక సమాజాలకు అదే ఆరంభం. ఆ సమాజాల ప్రత్యేకత, కుటుంబంలోని స్త్రీలే స్త్రీపాత్రలు ధరించడం. తోలుబొమ్మలాటలో తెర వెనుక స్త్రీపాత్రల మాటా పాటా ఇంటి ఆడవాళ్లవే. తెర వెనుక గొంతు ఇస్తున్నవారు తెర ముందుకు రావడం ఆ కుటుంబాలకు సహజ పరిణామమై ఉంటుందని ఊహించవచ్చు. విద్యావంతుల సభలు చేయడానికి జంకిన పనిని వృత్తికళాకారుల కుటుంబాలు చేశాయి. బళ్లారి రాఘవ (1880–1946) స్త్రీపాత్రలు స్త్రీలే ధరించాలని వాదించి, చదువుకొన్న స్త్రీలను రంగస్థలానికి తీసుకువచ్చేనాటికి సురభిలో అది ఇంటి అలవాటు.

ఈ పరిణామం వల్ల కళగా స్త్రీవేషధారణకు ఉన్న అవసరం క్రమంగా తగ్గింది. స్త్రీ తన పాత్రను తానే ధరించగలిగినప్పుడు పురుషుడు ఆమె స్థానంలో నిలవవలసిన పని లేదు. మాచుపల్లి కథలో కనిపించిన వెలితి ఆ మేరకు పూడింది.

సంతెకుడ్లూరు: లోకభయం

కళలో అవసరం తగ్గినా, మొక్కులో స్త్రీవేషం తగ్గలేదు. ఆదోని ప్రాంతం తెలుగు, కన్నడం కలిసి పలికే నేల. ‘సంత’ కాక ‘సంతె’ అన్న ఊరిపేరులోనే ఆ కలయిక వినిపిస్తుంది. వాననే నమ్ముకొన్న పొలాలు, పనులు లేని నెలల్లో గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాలు ఈ పడమటి మండలాల జీవితంలో భాగం. ఇటువంటి చోట మొక్కు ఒక అలంకారం కాదు. పంట, ఆరోగ్యం, పెళ్లి, సంతానం, ఉద్యోగం వంటి కోరికలు తీరాలని, తీరినందుకు కృతజ్ఞతగా మగవాళ్లు స్త్రీవేషంలో రతీమన్మథులను పూజిస్తారు. చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు కూడా ఇందులో పాల్గొంటున్నారు.

ఇక్కడి వేషానికీ రంగస్థల వేషానికీ ఒక మౌలికభేదం ఉంది. రంగస్థలంపై నటుడు తనను దాచుకోవాలి. మొక్కులో దాచుకోవలసిన అవసరం లేదు. మీసాలతోనే చీర కట్టుకొన్నవారు వార్తాచిత్రాల్లో కనిపిస్తూంటారు. వారు స్త్రీలని ఎవరూ భ్రమపడరు, భ్రమపడాలన్న ఉద్దేశమూ లేదు. ఫలానా మనిషి ఫలానా మొక్కు తీర్చుకొంటున్నాడని ఊరికి తెలియాలి. అందువల్ల ఇక్కడ కొత్తవాడి భయం సరిగ్గా తలకిందులవుతుంది. నటునికి పాత్ర కుదరదేమోనన్న భయం. మొక్కుబడివానికి నలుగురూ తనను గుర్తుపడతారన్న భయం. పొలం గట్టున, రచ్చబండ మీద, బడిలో, ఆఫీసులో రేపు మళ్లీ ఎదురయ్యే ముఖాలవి. ఇదే లోకభయం.

ఆ భయం తీరే పద్ధతిలోనే ఈ ఆచారం విలువ ఉంది. లోకానికి భయపడుతున్నవాడికి లోకమే తోడు వస్తుంది. పక్కింటివాడు, మేనమామ, తోటి ఉద్యోగి అదే వేషంలో అదే దారిలో గుడికి నడుస్తున్నప్పుడు నవ్వవలసినవాడు ఎవరూ మిగలరు. కొత్తవాడు ప్రత్యేకంగా ధైర్యం తెచ్చుకోవలసిన పని లేదు. ఊరు తన ధైర్యాన్ని అతనికి ఒక పూటకు అప్పు ఇస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో అక్టోబరు 31న జరిగే హాలోవీన్‌తో పోల్చితే ఇది మరింత స్పష్టమవుతుంది. ఆ రాత్రి ఎవరైనా ఏ వేషమైనా వేయవచ్చు. పురుషుడు స్త్రీవేషం వేయడమూ అందులో ఒకటి. అక్కడ కూడా పండుగ ఒక వెసులుబాటు ఇస్తుంది. కానీ ఏ వేషం వేయాలన్నది వ్యక్తి ఎంపిక. కాబట్టి జంకు కూడా వ్యక్తిగతమే, దాన్ని ఒంటరిగానే గెలవాలి. ఎవరైనా ప్రశ్నిస్తే ‘సరదాకు’ అన్నదే సమాధానం. సంతెకుడ్లూరులో ‘మొక్కు’ అన్న సమాధానం ఉంది. ఆ మాట విన్న తర్వాత రెండో ప్రశ్న ఉండదు.

పండుగల్లో కనిపించే తారుమారులను మిహాయిల్ బఖ్తిన్ కార్నివాల్ భావనతో వివరించాడు. హోదాలు తాత్కాలికంగా తలకిందులు కావడం, నవ్వు అధికారాన్ని ఎదిరించడం అందులో ప్రధానం. హోలీ రంగులాటకు ఈ వివరణ కొంతవరకు సరిపోతుంది. సంతెకుడ్లూరు స్త్రీవేషానికి సరిపోదు. ఇక్కడ ఎగతాళికి చోటు లేదు. స్త్రీరూపం ధరించడం కిందికి దిగడంగా కాక, దేవతల సన్నిధికి తగిన అర్హతగా కనిపిస్తుంది.

ఈ అర్హత స్త్రీరూపానికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఒక ఊహ చేయవచ్చు. ఫాల్గుణ పూర్ణిమ కామదహనం నాడు శివుని కంటిమంటకు మన్మథుడు శరీరాన్ని కోల్పోయి అనంగుడయ్యాడు. భర్తను తిరిగి పొందడానికి వేడుకొన్నది రతి. ఆ రోజున కోరిక కోరడానికి తగిన రూపం ఆమెది. మొక్కుకొన్న పురుషుడు ఆ వేడుకోలు రూపంలోకి ప్రవేశిస్తున్నాడని అనుకోవచ్చు. ఇది ఈ వ్యాసకర్త వ్యాఖ్యానం మాత్రమే. ఊరివారు చెప్పే కారణం మొక్కు ఒక్కటే, దానికి మించిన వివరణ వారికి అవసరం లేదు.

గంగజాతర: ఒక పోలిక

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనూ పురుషులు మొక్కుబడిగా స్త్రీవేషం ధరిస్తారు. అక్కడి కథలో స్త్రీలను చెరుస్తున్న పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేషాలు మార్చి, చివరకు దొరవేషంలో వాణ్ణి సంహరిస్తుంది. జాతరలో ఆ గంగమ్మ వేషాలను కైకాల కులానికి చెందిన పురుషులు ధరిస్తారు. ఈ జాతరపై అమెరికన్ పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఒక గ్రంథం ప్రచురించారు.

ఈ కథను మాచుపల్లి కైఫీయతు పక్కన పెడితే సాదృశ్యం వెంటనే కనిపిస్తుంది. ఒకచోట స్త్రీలను హింసించే గురవరాజు, మరొకచోట స్త్రీలను చెరిచే పాలెగాడు. సురభివారు 1885లో ఎంచుకొన్న కీచకవధలోనూ పరాయి స్త్రీని వేధించే అధికారమదాంధుడే ఉన్నాడు. ద్రౌపది వస్తుందని కీచకుడు నమ్మిన నర్తనశాలలో భీముడు ఉంటాడు. అదే విరాటపర్వంలో అర్జునుడు బృహన్నల. ఈ కథలన్నిటిలోనూ స్త్రీకి అన్యాయం జరిగిన చోట ఆమె స్థానంలో మరొకరు నిలబడతారు, వేషం అన్యాయానికి జవాబవుతుంది. వీటికి పరస్పర జన్యజనక సంబంధం ఉందని నా వాదన కాదు. పాలెగాళ్ల ఏలుబడిని చవిచూసిన సీమలో స్త్రీవేషానికి గంభీరార్థం దక్కడానికి ఇటువంటి కథల నేపథ్యం తోడ్పడి ఉండవచ్చునన్నదే నా ప్రతిపాదన.

ఆమోదానికి ఉన్న హద్దు

ఊరు ఇచ్చే ఈ ఆమోదానికి హద్దు ఉంది. పండుగ ముగియగానే చీర మడత పెట్టాలి. మడత పెట్టినవాణ్ణి ఊరు గౌరవిస్తుంది. మడత పెట్టలేనివారి సంగతి వేరు. తమ స్త్రీత్వం వేషం కాదని, అదే తమ స్వరూపమని చెప్పే హిజ్రాలు, ఎల్లమ్మకు అంకితమైన జోగప్పలు ఈ కన్నడ–తెలుగు సరిహద్దు సీమల్లో ఎప్పటి నుంచో ఉన్నారు. దీవెన కోసం వారిని పిలిచే సమాజమే ఇల్లు అద్దెకు, పని ఇవ్వడానికి వెనుకాడుతుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారిని తృతీయ లింగవ్యక్తులుగా గుర్తించింది. 2019లో పార్లమెంటు వారి హక్కుల చట్టం చేసింది. చట్టం చేయగలిగినది అంతే. మొక్కుబడివాని లోకభయం ఒక పూటలో తీరుతోంది. వీరి లోకభయం తీరడానికి పక్కన నడిచే ఊరు ఇంకా సిద్ధం కాలేదు.

అందువల్ల సంతెకుడ్లూరును చూపి మన సంప్రదాయం ఎంతో ఉదారమైనదని గర్వపడటం తొందరపాటు. దాన్ని వింతగా చూపి నవ్వడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. మాచుపల్లి కైఫీయతులో స్త్రీవేషం సాక్ష్యం. అక్కడి భయం రాజభయం, దాన్ని దాటించినది న్యాయం కోరే పూనిక. బళ్లారి రంగస్థలంపై స్త్రీవేషం కళ. అక్కడి భయం రసభంగభయం, దాన్ని పోగొట్టినది సాధన. సురభి స్త్రీలు రంగం మీదికి రావడంతో ఆ కళకు ఉన్న అవసరం సన్నగిల్లింది. సంతెకుడ్లూరులో స్త్రీవేషం మొక్కు. అక్కడి భయం లోకభయం, దాన్ని పోగొట్టేది ఆ లోకమే.

తొలిసారి చీర కట్టుకొనేవాడి చేతులు ఈ మూడు చోట్లా వణికే ఉంటాయి. ఆ వణుకును బలహీనతగా కాక ఆధారంగా స్వీకరిస్తే, నాటక చరిత్రకూ జానపద పరిశోధనకూ మధ్య ఉన్న గోడ కొంత తగ్గుతుంది. సంతెకుడ్లూరులోనూ, పొరుగు కన్నడ గ్రామాల్లోనూ తొలిసారి వేషం కట్టినవారి మాటలను, వారికి చీర కట్టిపెట్టిన ఇంటి ఆడవారి మాటలను సేకరించవలసి ఉంది. ఐదు శతాబ్దాల కింద రాయల కొలువులో వినబడకుండా పోయిన గొంతు ఆ రెండవ వరుసలోనే ఉంది.